చేయి చూపియ్యక్కా

మూడు దినాల పని, దినానికి నాలుగు నూర్లు.
రాయదుర్గం జూనియర్ కాలేజీ గ్రౌండులో రైతు ప్రదర్శన.
సర్వికట్టెలు పాతిన గేటు కాడ నేను,
నా ముందర బెంచీ, ఊదారంగు ఇంకు ప్యాడు,
పిడి విరిగిన రబ్బరు స్టాంపు.
ఇరవై రూపాయలిస్తే ముంజేతి మీద ఒక దెబ్బ.
బయటికి పోయి మళ్ళా రావాలంటే
ఆ దెబ్బ కనపడాల.
కాంట్రాక్టరు వన్నూరప్ప చెప్పింది ఇంతే:
"మొగం చూడొద్దురా తిప్పేస్వామీ, చేయి చూడు."

రెండు దినాలు చేతులే చూసినా.
శెనక్కాయలు వలిచి వలిచి బొటనవేలి గోరు అరిగినవి,
టమాటా కసరు దిగి నల్లబడినవి,
మందు కొట్టి కొట్టి పొరలు లేచినవి,
మధ్యలో డ్రిప్పు పైపులమ్మే పిల్లగానిది, దూది మాదిరి.
కొన్నింటి మీద ఇంకు ఆనలేదు.
ఈ తోలు నాకు పట్టదన్నట్టు స్టాంపు జారిపోయింది.

వాళ్ళే మధ్యాహ్నం మళ్ళా వచ్చి నిలబడిరి.
బీడీకి పోయినోడు, ఒంటేలుకు పోయినోడు,
కడాపటి బస్సు ఎన్నింటికో కనుక్కోను పోయినోడు.
"పొద్దున నువ్వే కదప్పా కొడితివి!"
నేనే. కాదనను.
కానీ ముద్ర చెమటకు పోయింది.
వన్నూరప్ప మాట చెమటకు పోయేది కాదు.

మూడో దినం, మిట్ట ఎండకు,
గుమ్మగట్ట దావలో ఏదో పల్లె ఆమె.
నెత్తిన బిందె. నిండా నీళ్ళు. భుజమంతా తడి.
పోటీకి తెచ్చిన పొట్టేలు లోపలుంది,
నలభైయేడో నంబరు, వీపు మీద ఎర్ర రంగుతో.
డ్రమ్ములో మూతి పెట్టి చీదిందంట,
బ్లీచింగు వాసనంట,
అందుకని బోరింగు కాడికి పోయి కొట్టుకొచ్చింది.

"చేయి చూపియ్యక్కా."
చూపించింది.
గీతలున్నాయి, మట్టిగాజు ఒకటుంది, ముద్ర లేదు.
"బిందె కడుగుతాంటే అది గూడా కడుక్కుపోయింది లేప్పా.
లోపల పేరు రాసుకోండారు సూడు, పాతక్క అని."
"పాతక్కవైనా కొత్త టికెట్టు కొనాల్సిందే" అంటి.
వెనక వరసలో ఎవరో నవ్విరి.
నాకూ వచ్చింది నవ్వు. ఆమెకు రాలే.
దుడ్ల సంచి పొట్టేలు మెడకే కట్టిందంట.

"దానికి కత్తిరిస్తే గానీ పోని రంగు పూస్తిరి,
నాకు నీళ్ళకు పోయేది పూస్తిరి."
తిట్టినట్టు లేదు, లెక్క చెప్పినట్టుంది.

లోపల్నించి పొట్టేలు అరిచింది.
బిందె కదిలి రెండు చుక్కలు రాలినాయి.
"నన్ను ఇడవొద్దులే. నీళ్ళను పంపు.
నీళ్ళకు స్టాంపు అడగరు కదా."

బిందె ఎత్తుకొని నేనే పోతి.
ట్రాక్టర్లు దాటి,
కొర్రలూ అండుకొర్రలూ సీసాల్లో పోసి పెట్టిన బల్లలు దాటి.
అప్పుడే చూసినా లోపల ఏముందో.
పొట్టేలు నా దిక్కు చూసింది, బిందె దిక్కు చూసింది,
మూతి తిప్పుకుంది.
ఎంత బతిమాలినా అంతే.

బిందె దాని ముందరే పెట్టి వట్టి చేతుల్తో వస్తే
పాతక్క నా బెంచీ మీద కూచోనుంది.
వరస ఆగలే.
ఇరవై తీసుకుంటాంది, చిల్లర ఇస్తాంది,
ఇంకు ఆనని చేతిని కొంగుతో తుడిచి, ఊది, మళ్ళా కొడతాంది.
అంతసేపూ స్టాంపు ఆమె చేతిలోనే.
ఆమె ముంజేయి మాత్రం కడిగింది కడిగినట్టే.

"తాగిందా?"
"లేదక్కా."
"నాకెరుకే" అని లేసి, స్టాంపు నా చేతికిచ్చి,
చేయి చాపింది. "ఇప్పుడు కొట్టు."
కొడితి. ఆనలే.
ఊది, మళ్ళా కొడితి.

బహుమానం బళ్ళారి దిక్కు పొట్టేలు ఎత్తుకపోయింది.
మాపటికి నలభైయేడును తోలుకొని పోతా పోతా
నా కాడ నిలబడింది పాతక్క.
బిందె అడుగున చెంబెడు మిగిలినాయి.
"పట్టప్పా. పొద్దున్నించీ చూస్తాండా,
నువ్వు నీళ్ళకని లేసింది ల్యా."

దోసిలి పట్టినా. వొంచింది.
నా ఏళ్ళ సందున ఇంకు కరిగి
నీళ్ళు ఊదాగా తిరిగినాయి.
అట్లే తాగినా.