తొమ్మిది రోజులు

నాకు ఎనభై నిండిన తొమ్మిదో నాడు
పోప్ కన్నుమూశారు.
ఎనభై దాటిన కార్డినల్‌కి ఓటు లేదు.
మంచి నియమమే అని గట్టిగా వాదించినవాణ్ణి,
అప్పుడు నాకు అరవై మూడు.

ఈ ఉదయం వాళ్ళు రెండు వరుసల్లో లోపలికి నడిచారు.
మనీలా ఆయన, కిన్షాసా ఆయన,
నాకన్నా రెండేళ్ళు చిన్న బాల్దసారె,
గుమ్మం దగ్గర నడుం పట్టుకుని.
తలుపు మూసిన చప్పుడు టీవీలో విన్నాను.

పదిహేడేళ్ళు బిషప్పుల ఫైళ్ళు నా బల్ల మీదుగా వెళ్ళాయి.
నేనెన్నడూ చూడని ఊళ్ళకు కాపరి ఎవరో
చివరి మాట పోప్‌దే.
దాని ముందు మాట నాది.

ఎర్ర అంగీ బీరువాలో వేలాడుతోంది.
నెత్తురు చిందించడానికైనా సిద్ధమని దాని అర్థం.
నేను దాని మీద చిందించింది
సిరా, అప్పుడప్పుడూ సూపు.

పాపసంకీర్తనంలో ఇంకా చెప్పని మాటొకటుంది.
ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక
ప్రార్థన కన్నా ముందు
వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
పది రోజుల ముందు పోయుంటే, అని.

లోపల ఇప్పుడు చీటీలు రాస్తుంటారు,
ఎవరూ గుర్తుపట్టని చేతిరాతతో.
కిందటిసారి దానికోసం వారం రోజులు సాధన చేశాను:
బడి మానేసిన పిల్లాడి వంకర అక్షరాలు.

సాయంత్రం నల్ల పొగ.
వంటింట్లో ఖాళీ కాగితం కనబడితే
రేపటికి కావలసినవి రాసిపెట్టాను.
పాలు, చిక్కుడు గింజలు, అగ్గిపెట్టె.

ఒర్సోలా కళ్ళజోడు సవరించుకుని
కాగితాన్ని దీపం దగ్గరికి తీసుకెళ్ళింది.
"ఎవరిదండీ ఈ రాత?"