ముప్పై మీటర్ల వరండా

ఫర్వానియాలో మా ఆసుపత్రి వెనక వరండా
కొలిచి ముప్పై మీటర్లు.
ఆ చివరొకటి, ఈ చివరొకటి నారింజ రంగు కోనులు.
కిటికీ అవతల దుమ్ముగాలి, పొద్దున్నే లైట్లు వేశాం.

మస్తానమ్మ వేలికి క్లిప్పు పెట్టాను.
లక్కిరెడ్డిపల్లె మనిషి. పదకొండేళ్లుగా
జహ్రాలో ఒకే ఇంట్లో వంట.
"ఆరు నిమిషాలు. ఎంత దూరం నడవగలిగితే అంత.
పరుగెత్తొద్దు. ఆయాసమొస్తే ఆగొచ్చు,
గడియారం మాత్రం ఆగదు."
నవ్వింది.
"ఈ పరీచ్చ నేను దినామూ రాస్తానే ఉండా."

దివానియా మేడ మీద. మెట్లకు నాలుగు మలుపులు.
వచ్చిన కొత్తల్లో గహ్వా దల్లా, ఖర్జూరాల పళ్లెం,
పదిహేను ఫింజాన్లు, ఒక్క ఊపున పైకి.
తర్వాత మూడో మలుపులో
చెప్పు సరిచేసుకునే నెపం.
ఆ తర్వాత రెండో మలుపులోనే.
చెప్పు మంచిదే.
ఇంట్లో ఎవరూ లెక్క రాసుకోలేదు గానీ
గుండెలో కుడివైపు గది రాసుకుంది,
బిగుసుకున్న ఊపిరితిత్తుల్లోకి
తోసిన ప్రతి గుక్క నెత్తురునీ.

నడుస్తోంది.
నేను పక్కన నడవకూడదు, నా అడుగు ఆమె అడుగైపోతుంది.
నిమిషానికొక వాక్యం, కాగితంలో ఉన్నదే, ఒకే గొంతుతో:
బాగా నడుస్తున్నారు. ఇంకా అయిదు నిమిషాలుంది.
బాగానే నడుస్తున్నారు. ఇంకా నాలుగు.
"అక్కా, నిదానం" అన్నది ఆ కాగితంలో లేదు.
పళ్ల వెనకే ఆపుకున్నాను.

నాలుగో నిమిషానికి పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.
మలుపు తీసుకుంటుంటే అబాయా అంచు తగిలి
కోను ఒరిగింది.
ఆగింది. వంగింది. నిలబెట్టింది.
కొనవేలితో దాని మీది దుమ్ము కూడా తుడిచింది.
తొమ్మిది సెకన్లు.

మూడు వందల పన్నెండు మీటర్లు.
ఎందుకు ఆగిందో రాయడానికి గడి లేదు.

"ఆయాసం ఎంత, సున్నా నుంచి పదిలోపు?"
కాసేపు ఆలోచించి, "మూడో మలుపు" అంది.
ఏడు అని రాశాను.

డాక్టరు గది గోడకు ఒక పట్టిక.
నాలుగొందల నలభై దాటితే ఆకుపచ్చ,
నూట అరవై అయిదుకు దిగితే ఎరుపు,
మధ్యలో అంతా ఇసుక లాంటి పసుపు.
రక్తపరీక్ష, ఎకో, ఈ నడక, అన్నీ కలిపి
రాబోయే ఏడాది గురించి ఏదో అంటుంది.
వందమంది గురించి అంటుంది,
ఒక్కరి గురించి అడిగితే ఊరుకుంటుంది.

"ఈ లెక్క చూసి అకామా కొట్టేస్తారా పాపా?"
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.
"అయితే ఇంగోసారి నడుస్తా.
ఈ తూరి ఆ టోపీని ముట్టుకోను."

మందులు మొదలెట్టిన మూడు నెలలకు మళ్లీ పిలిచాం.
ఆ పొద్దున ముందే వచ్చి
రెండు కోనులనూ టేపుతో నేలకు అంటించాను.
నియమాల పుస్తకంలో దీని గురించి
అవుననీ లేదు, కాదనీ లేదు.

ఎనిమిదిన్నరకి ఆమె టోకెను.
లిఫ్టు మూడుసార్లు తెరుచుకుంది, ఎవరెవరో.
అప్పుడు మెట్ల వైపు నుంచి
చెప్పుల చప్పుడు.
ఆగింది.
గడియారం నొక్కబోయి మానేశాను.
మళ్లీ వినిపించింది.