నిలబడొద్దు

ఆదివారం. నాకు వీక్లీ ఆఫ్.
రోజూ నాలుగుసార్లు బస్సుల దాటే కుప్టి వంతెన కిందికి
ఇయ్యాల నడిచి దిగుతున్న.
భుజాన సంచి లేదు, టికెట్ మిషన్ లేదు, చిల్లర లేదు.
చంకల ఒక నీలం పలక,
మొదటిసారి బడికి పోయే పోరి లెక్క.

అవును, మేం పలకే అంటం.
రుక్మాబాయి దాని ఇంగ్లీషు పేరు చెప్పింది గాని
అది మా నోళ్ళల్ల ఆగలేదు.
పొట్ట కింద పలక, కాళ్ళకు కప్పకాళ్ళ రబ్బరు జోళ్ళు,
బోర్ల పడుకొని, తల ముందుకు పెట్టి
వాగు దిగాలె.
ఒకటే పలక. ముగ్గురం.

సోయా కోతలైనంక
కడెం వాగు ఎర్రదనం దించుకుంటది,
ఊపు మాత్రం దించుకోదు.
రుక్మాబాయి మమ్మల్ని ముందుగాల నీళ్ళల్లకు తోలలేదు.
గంటసేపు ఒడ్డు మీద కూసోబెట్టి చదివించింది:
నీళ్ళు నాలుక సాపి కొస కిందికి చూపిస్తే, అది తొవ్వ.
కొస నీ దిక్కే ఉంటే కింద బండ కూసున్నట్టు.
బండ ఎనుక నీళ్ళు ఉల్టా తిరుగుతయి,
ఆడ ఆగొచ్చు, ఊపిరి తీసుకోవచ్చు.
ఆ వంగిన ఇప్పచెట్టు కాడ మాత్రం ఎక్కుడే.
ఎంత దూరమున్నా
కింద ఉన్నది కుంటాల.

ఇంకొకటి, అన్నది.
పలక జారిపోతే నిలబడొద్దు.
మోకాళ్ళ లోతే ఉన్నా నిలబడొద్దు.
బండల సందున పాదం ఇరుకుతది,
ఎనుకకెళ్ళి వాగు తోస్తది,
వంగిన మనిషి మల్ల లేవది.

నాకు నవ్వొచ్చింది.
పదిహేడేండ్ల సర్వీసు.
నిలబడుడే నా నౌకరి.
ఇచ్చోడ గుంతల్ల, నేరడిగొండ మలుపుల్ల
కడ్డీ పట్టకుండ టికెట్లు కొట్టిన.
మా ఆయన పోయిననాడు
వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట,
నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు.
నిలబడ్డ.
పిక్కల మీద నీలి నరాలు తేలేదాంక నిలబడ్డ.
ఇప్పుడు ఇరవై నాలుగేండ్ల పిల్ల
వద్దంటున్నది.

ముందు అఫ్రోజ్ పోయింది,
తను కుట్టిన పట్టీల జాకెట్టు తనే తొడుక్కొని.
కేక ఒక్కటే కనవడ్డది, మనిషి కనవడలే,
మల్ల దూరంగా నవ్వు.
సుగుణ నీళ్ళు కక్కుకుంట ఎక్కింది:
నేను సావద్దమ్మా,
రేపు అంగన్‌వాడీల గుడ్లు ఉడకబెట్టాలె.

నా వంతు.
వంతెన మీదికెళ్ళి చూస్తే సన్న గీత,
గడ్డం నీళ్ళకు ఆనిస్తే
వాగు ఎంత ఎత్తు!
మొదటి అల మొకం మీద కొట్టింది.
రెండోది నన్ను పట్టించుకోలేదు.
మూడోదానికి పలక లేదు.

ముక్కుల నీళ్ళు, చెవుల నీళ్ళు,
ఏది మీదో ఏది కిందో సోయి లేదు.
అప్పుడు పాదం కింద బండ తగిలింది.
నున్నగ, వెడల్పుగ,
ఎంత నమ్మకమైన బండ!
పదిహేడేండ్లు మోకాళ్ళల్లకు ఎక్కి వచ్చినయి.
ఒక్క క్షణం
దాని మీద బరువు పెట్టిన కూడా.

తర్వాత కాళ్ళు లేపిన.
ధైర్యం గాదు. ఆ పిల్ల గొంతుకు భయపడి.
ఎల్లెలుకల పడ్డ.
నల్ల రబ్బరు జోళ్ళు నాకంటే ముందు పోతున్నయి,
వాటి నడుమ మబ్బు.
వంతెన మీద హారన్ మోగింది, రెండు పొట్టి, ఒకటి పొడుగు.
మోయిజ్ భాయ్ డ్యూటీ.
పదకొండు నలభైకి రావాలె, లేటు.

వాగు నన్ను పక్కకు తిప్పి
బండ ఎనుక నీళ్ళల్ల పెట్టింది.
పలక అప్పటికే ఆడికి చేరి
మెల్లగ గుండ్రంగ తిరుగుతున్నది,
ప్యాసింజర్ కోసం ఆగిన ఆటో లెక్క.
రుక్మాబాయి ఇసిరిన తాడు
అప్పుడొచ్చి నా మొకానికి తగిలింది.
మల్లనా? అన్నది.
దగ్గు ఆగినంక తలూపిన.

సోమవారం పొద్దుగాల,
జీరో టికెట్ల అక్కలతోటి బస్సు నిండుంది.
వంతెన మీద కిటికీలకెళ్ళి వంగి చూస్తున్న.
ఎవరో ఐదువందల నోటు చాపి
చిల్లర, చిల్లర అంటున్నరు.
ఆగుమన్న.
నాలుక నిన్నటికంటే జర ఎడమకు జరిగింది.