మూడో అంతస్తులో ఒక స్టూలు

పొద్దున తొమ్మిదింటికి మెట్లెక్కుతాం.
లిఫ్టు కొనేవాళ్ళకి.
మూడో అంతస్తు, పట్టు సెక్షను.
కింద టీ నగర్ ఇంకా ముఖం కడుక్కుంటూ ఉంటుంది.
నాయుడుపేట నుంచో గూడూరు నుంచో పెళ్ళివాళ్ళు దిగితే
"చెంగమ్మా, తెలుగు పార్టీ!" అని కేక.
వెళ్తాను, నవ్వుకి కుచ్చిళ్ళు సర్దుకుని.
వాళ్ళు పరుపు మీద కూర్చుంటారు.
చీర పరుపు మీద పడుకుంటుంది.
నిలబడేది నేనొక్కదాన్నే.

పన్నెండు గంటలు.
గాజు తలుపు దగ్గర బొమ్మకైనా
నడుం వెనక ఇనపకడ్డీ ఉంది.
మేం బీరువాకి ఆనుకుంటే యాభై రూపాయల కోత,
కెమెరాకి ఎప్పుడూ కునుకు రాదు.
సెల్వరాణి బాత్రూమ్‌కని వెళ్తే
కాళ్ళ కోసమని మాకందరికీ తెలుసు.
గడియ పెట్టుకుని, కమోడు మూత మీద
మూడు నిమిషాలు రాజ్యమేలి వస్తుంది.

చట్టం వచ్చి చాలా కాలమైందట,
కొట్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే చోటుండాలని.
మాకెవరూ చెప్పలా.
రాత్రి పదిన్నర బస్సులో, పైకడ్డీ పట్టుకుని వేలాడుతూ
ముంతాజక్క చెప్పింది.
ఆ మాట కూడా నిలబడే విన్నాం.

మేనేజరునడిగితే నవ్వాడు.
"సేల్స్‌లో కూర్చున్నోడెవడైనా బాగుపడ్డాడా అమ్మా?"
అన్నాడు, కూర్చునే.

ముంతాజక్క వారం రోజులు ఏమీ మాట్లాడలేదు.
తరవాత పాత బిల్లు కాగితాలు తెచ్చింది, వెనక తెల్లగా ఉన్నవి.
పొద్దున రాగానే కాగితం మీద పాదం పెట్టమంది,
చుట్టూ నీలం పెన్నుతో గీసింది.
రాత్రి అదే కాగితం, అదే పాదం, ఎర్ర పెన్ను.
రెండు గీతల మధ్య ఖాళీ ఉంది చూశారా,
అదే మా అర్జీ.
నలభై ఒక్క జతల పాదాలు.
కొందరి ఎర్ర గీత కాగితం అంచు దాటి గచ్చు మీదికి పోయింది.

లేబర్ ఆఫీసులో గుమాస్తా తిరగేసి బోర్లేసి చూశాడు.
"ఏంటిది, చెప్పులు కుట్టిస్తారా?"
"కాదు సార్, పని కొలత."

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు పదకొండు స్టూళ్ళొచ్చాయి,
కాళ్ళకి ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు.
ఆయన కాఫీ తాగి, ఏదో రాసుకుని వెళ్ళాడు.
సాయంత్రానికల్లా స్టూళ్ళు గోడౌన్లో ఉన్నాయి,
ఒకదాని మీద ఒకటి హాయిగా కూర్చుని.
మర్నాటి నుంచి సెల్వరాణికి పార్కింగులో టోకెన్ల పని.
నీడ లేదు, మూత కూడా లేదు.
మమ్మల్ని ఒక్క మాటా అనలేదు.
అదే తట్టుకోలేకపోయాం.

ఆడి తగ్గింపు అమ్మకాలు, శనివారం.
కొట్టంతా చీమల పుట్ట.
నాలుగు కొట్టగానే
ముందు ముంతాజక్క, తరవాత కనకవల్లి, తరవాత ఎవరో గుర్తులేదు,
గచ్చు మీద కూర్చున్నాం.
నినాదాలేం లేవు. మాకెవరికీ రావు.
నా మోకాళ్ళు మాత్రం టపటపమన్నాయి.

పరుపు మీది ముసలామె నన్ను చూసింది.
మొదటిసారి కొనేవాళ్ళ కళ్ళు నా కళ్ళ ఎత్తులో ఉన్నాయి.
కొంచెం జరిగి, "ఈడ కూచో, ఆడ చల్లగుంటది" అంది.
వెంటనే మళ్ళీ,
"ఆ నెమలికంఠం రంగు దించమ్మా."
"ఇంకో అరగంటకి దించుతానవ్వా."
ఆమె లేచి వెళ్ళలేదు.

ఇప్పుడు ముగ్గురికి ఒక స్టూలు.
చాలవు. వీపుకి ఆనుకునేది లేదు, ఇంకా అడుగుతున్నాం.
సెల్వరాణి ఇంకా పార్కింగులోనే,
ఆమె కాగితం ఏదో బల్ల మీద నిలబడి ఉంది.
నా వంతుకి స్టూలు వెచ్చగా తగులుతుంది,
ఎవరో ఇప్పుడే లేచిన వెచ్చదనం.
ఒంటికింకా నమ్మకం కుదరక
అంచు మీదే కూర్చుంటాను.

నిన్న రాత్రి ఎదురు నగల కొట్టు పిల్ల
షట్టర్లు దించే వేళ నన్ను ఆపింది.
నా ముఖం చూడలేదు, కాళ్ళే చూస్తోంది.
"అక్కా, ఆ కాగితాల సంగతి నిజమేనా?"
సంచిలో వెతికి రెండు పెన్నులూ ఇచ్చాను.
నీలంతో మొదలుపెట్టు, అన్నాను.
పొద్దున్నే,
కాళ్ళింకా నీవిగా ఉన్నప్పుడు.