లస్కరు కూతురు

మంగళవారం. నరసాపురం ఏరియా ఆసుపత్రి, పద్నాలుగో నంబరు గది.
ఇదివరకు టీకాల ఐసుపెట్టెలు పెట్టేవారిక్కడ,
ఇప్పటికీ గోడ చల్లగానే ఉంటుంది.

మొగల్తూరు బస్సు దిగి వచ్చారు తల్లీ బిడ్డా.
బిడ్డకి పదహారేళ్ళు.
ఓపీ చీటీ మీద ఓ పేరుంది, దాన్నిక్కడ రాయను.
అంత ఉక్కపోతలో నిండు చేతుల చొక్కా,
మణికట్టు దగ్గర బిగించిన బొత్తాలు.
అడగాల్సిందేదో అక్కడే ఉందని తెలుసు.
అడగలేదు. ముందు మంచినీళ్ళిచ్చాను.

తల్లి సువార్తమ్మ లేసు అల్లుతుంది.
మాట్లాడుతున్నంతసేపూ చేతిలో సూది ఆగదు.
"కుట్టు తప్పిందనుకోండి, విప్పేసి మళ్ళీ అల్లుకుంటామండి.
ఓసారి విప్పి చూడండి మేడంగారూ,
ఎక్కడ తప్పిందో ఏటో."

నాకు నా సొరుగు గుర్తొచ్చింది.
ఏడేళ్ళ కిందట, ఉద్యోగం కొత్తలో,
ఇలాంటి మాటకే తలూపి
సఖినేటిపల్లి కుర్రాణ్ణొకణ్ణి విప్పి చూడబోయాను.
"వయసు మీది భ్రమ, తగ్గిపోతుంది" అని రాశాను కూడా,
గుండ్రటి అక్షరాలతో.
రెండో వారం రాలేదు. మూడో వారమూ.
పంటు దిగేవాళ్ళలో ఇప్పటికీ వాడి నడక వెతుకుతాను.

"తప్పిన కుట్టు కాదమ్మా" అన్నాను.
ఆవిడ నమ్మలేదు. ఎందుకు నమ్మాలి?
కాసేపు వరండాలో కూర్చోమని
బిడ్డనడిగాను: నిన్నేమని పిలవమంటావు?

ఫ్యాను చప్పుడు.
కింద మందుల కౌంటర్లో ఎవరో చిల్లర కోసం గొడవ.
"రత్నరాజు" అన్నాడు, గోడతో.
"మా తాత పేరండి. ఎవరికీ చెప్పలేదు."
"రత్నరాజూ" అన్నాను.
అంతే. ఆ రోజుకి నేను చేసిన వైద్యం అంతే.
బొత్తాలు తనే విప్పుకుని, చేతులు మడిచి
చూపించాల్సింది చూపించాడు.

మా నాన్న కాలువ లాకుల మీద లస్కరు.
కింది నీటిలో వచ్చిన పడవని
భుజానెత్తి పైకి తెచ్చిందీ లేదు, చెక్కి చిన్నది చేసిందీ లేదు.
వెనక తలుపు మూసి, ముందు తలుపు తూము కాస్త తిప్పి
చుట్ట కాల్చుకుంటూ నిలబడేవాడు.
నీరే లేచేది, బెత్తెడు బెత్తెడుగా.
పడవ పడవలాగే పై కాలువలోకి పోయేది.
"తొందరపడితే తలుపు పగులుద్దే" అనేవాడు,
నేను చక్రం మీద చెయ్యేస్తే.

ఆరు మంగళవారాలయ్యాయి.
వాళ్ళ నాన్న ఇంకా పలకడు, ఓసారి కంచం విసిరాడట.
బళ్ళో హాజరుపట్టీ మారలేదు.
నిద్ర మాత్రం పడుతోంది, రాత్రికి నాలుగైదు గంటలు.
చేతుల మీద కొత్త గీతల్లేవు.

ఇవాళ సువార్తమ్మ, సూది వంక చూస్తూ,
"మా నాన్న పేరే దొరికిందటండీ" అంది.
కోపమో, మరేదో. నేను తవ్వలేదు.
మూడున్నర బస్సుకి లేచి
గుమ్మంలోంచి కేకేసింది,
"రాజా, గొడుగు మర్చిపోకు."

ముద్దుకన్నదో, పేరుగా అన్నదో.
వాడు మాత్రం గొడుగు కోసం
పరిగెత్తి వెనక్కొచ్చాడు.