నలభై ఒక్క రోజులు

ముప్పై రోజుల్లో వెయ్యాల్సిన అప్పీలంట.
పైన నలభై ఒక్క రోజులు పోయినాయి.
ప్రతి దినానికీ కారణం చెప్పాలంది కుముదవల్లి లాయరమ్మ,
కోర్టు ఒక్క దినాన్ని కూడా ఊరికే వదలదంట.

బ్రాడ్‌వేలో, జిరాక్స్ మిషన్ వేడి మొహానికి కొడతా ఉంటే
టైపు కొట్టే పిల్ల ముందర స్టూలు మీద కూచున్నా.
అది అరవంలో అడగతంది, నేను తెలుగులో వెతుక్కుంటన్నా,
ఇంగ్లీషులో పడతన్నాయి నా దినాలు.

మొదటి తొమ్మిదీ తీర్పు కాయితం మడతలోనే పోయినాయి.
ఇరవై రెండు పేజీలు. మాలకొండయ్య అనే పేరు యాడుందో
ఎవురో వేలుపెట్టి చూపిస్తే
ఆ మెలికలు గుర్తుపెట్టుకున్నా, అంతే.
తర్వాత పాత వకీలు ఫోను ఎత్తలా.
తర్వాత వాన. వ్యాసర్‌పాడి సబ్‌వేలో నడుముల్లోతు నీళ్లు.
పిల్లోడికి గవదబిళ్లలు.
ఫీజు కోసం చీటీ రెండుసార్లు పాడినా,
రెండుసార్లూ పూలకొట్టామె నాకంటే ఎక్కువ పాడింది.
పుళల్ జైల్లో అద్దానికి అవతల ఆయన.
పిల్లోడి సంగతి గూడా అడగలా,
"కిటికీ మాట చెప్పినావా?" అన్నాడు.

చెప్పినా. మళ్లీ చెప్తన్నా, రాయమ్మా:
మొగప్పేరులో ఆ ఇంటి వంటగది గ్రిల్లు
ఆయన చేత్తో వెల్డింగు పెట్టిందే.
మేస్త్రీ కింద కూలి, బిల్లేముంటది?
చువ్వకి లోపలిపక్క అరచెయ్యి ముద్ర దొరికిందంట,
దొంగ గాకపోతే లోపలికి ఎట్టా వచ్చిందంట.
రంగు రెండు పక్కలా పూస్తారు గదా తల్లీ!
ఆ ముద్ర రంగు మీద ఉందా, రంగులో ఉందా?
ఈ ఒక్క మాట
మూడేళ్లు వేసేటప్పుడు ఎవురూ అడగలా.

ముప్పై నాలుగో దినం మాత్రం
ఏ పనీ చెయ్యలా. బస్సెక్కి మొగప్పేరు పోయినా.
పక్కసందులో నిలబడి చూసినా.
చువ్వలకి కొత్తగా తెల్లరంగు కొట్టేసినారు.
లోపల ఎవురో తాలింపు పెడతన్నారు, ఆవాలు చిటచిటమంటన్నాయి.
ఆ ఇనుము ఒక్కసారి ముట్టుకుందామని
చెయ్యి పైకెత్తి,
మళ్లీ తీసేసుకున్నా.

"ఆ దినానికి ఏం రాసేదక్కా?"
కీల మీద వేళ్లు ఆపి అడిగింది పిల్ల.
జొరం అని రాయమ్మా అన్నా.

కాయితం బయటికి లాగి, ఇంకు పాడు ముందుకు తోసి
ఇక్కడ, అంది.
ముందుగానే
బొటనవేలు కొంగుకి తుడుచుకున్నా.