గిరి

మా ఊళ్లో గిరి అంటే కొండ.
నా బల్ల మీద గిరి అంటే
మందుబిళ్ల చుట్టూ సూక్ష్మజీవి అడుగు పెట్టని
ఖాళీ వలయం.
స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాను.
పదిహేనేళ్లుగా నా జీతం ఆ ఖాళీకే.

ఆ వేసవి కొండదారి మూసేసినప్పుడు
తిరుపతిలో తెరిచి ఉన్నవి మందులంగళ్లే.
తీర్థకట్ట వీధిలో బెంచీ అడ్డం పెట్టి
ముద్దుకృష్ణయ్య చీటీ అడక్కుండానే చుట్టిచ్చేవాడు:
జింకు, సి విటమిను, అజిత్రోమైసిన్ ఐదు.
"వైరస్‌కు ఇది పనిచెయ్యదన్నా" అన్నాను.
"తెలుసు మేడమ్. మనిషి చేతిలో ఏదో ఒగటి ఉండల్ల గదా."
నిజమేననిపించింది.
నేనూ ఒక అట్ట కొనుక్కున్నాను.

చెంగల్రాయుడు
బస్టాండు వెనక లాడ్జీలో దుప్పట్లు మార్చేవాడు.
లాడ్జీ క్వారంటైన్ అయ్యాకా అదే పని, సగం జీతం.
జ్వరమొచ్చిన పదమూడో రోజు నెగెటివ్ వచ్చింది.
గేటు దగ్గర వాచ్‌మన్‌కు చెప్పి
తులశమ్మ ఏడ్చింది, సంతోషంతో.
పద్నాలుగో రోజు మళ్లీ చలిజ్వరం.
గొంతుగొట్టంలోంచి లాగిన కళ్లె
మూతకు ప్లాస్టరేసిన సీసాలో
నా దగ్గరికొచ్చింది.

ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో ఒక రాత్రి.
మన ఒంటి వేడే అది.
పొద్దున తెరిస్తే ప్లేటు నిండా
గంజి మీద మీగడలాగా, జిగటగా,
క్లెబ్సియెల్లా.
పేరు వింటే ఎవరింటి ఆడపిల్లో అనిపిస్తుంది.

రెండు ప్లేట్లలో పన్నెండు బిళ్లలు పేర్చాను.
మర్నాటికి పన్నెండింటి అంచుల దాకా పాకేసింది,
బిళ్లలను ఆనుకుని నిద్రపోతున్నట్టు.
స్కేలు మళ్లీ జేబులో పెట్టుకున్నాను.
ఆర్. దాని కింద ఆర్. దాని కింద ఆర్.
"ఒక్కటన్నా లేదా?" అంది డాక్టరమ్మ ఫోన్లో.
లైను కట్ చేయకుండా ఇద్దరం కాసేపు ఊరకే ఉన్నాం.

దొంగకు తగలని రాళ్లు అన్నీ మనవే.
కాపలా కుక్కలు చచ్చాయి.
రాయి తప్పించుకోవడం తెలిసినవి పిల్లల్ని పెట్టాయి,
నేను అన్నం తిని చెయ్యి కడుక్కొచ్చేలోగా
తాత, తండ్రి, మనవడు.

కొండదారి తెరిచారు. లాడ్జీలు నిండాయి.
ముద్దుకృష్ణయ్య ఇప్పుడు దగ్గుక్కూడా అదే చుట్టిస్తున్నాడు.
నా అట్టలో మూడు మింగి, ఒళ్లు తేలికపడిందని ఆపేశాను.
మిగతా రెండూ హ్యాండ్‌బ్యాగు చిన్న అరలో
వెండిరేకు కింద ఉబ్బెత్తుగా ఉన్నాయి.
పారేద్దామనుకుంటాను.
ఎక్కడ పారేయాలో తెలీదు.

మొన్న తులశమ్మ వచ్చింది,
ఎవరో ఆఫీసులో అడిగారట, రిపోర్టు నకలు కావాలని.
ఆమె వేలు కాగితం మీద పైనించి కిందికి దిగింది,
మెట్లు దిగినట్టు.
"ఇన్ని రాసుండారు గదమ్మా,
ఈ ఆర్ అంటే ఏంది?"

నేను బ్యాగును కాలితో
బల్ల కిందికి నెట్టాను.